ఎదురుగా చెప్పని మాట

"తలుపు పగలగొట్టనా అమ్మా?"

"చెయ్యి వేశావంటే ఊరుకోను," అంది శారదాదేవి. "నిన్న మాటతో కొట్టావు. అది చాలదూ?"

చంద్రశేఖర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మేడ మీద వరండాలో ఎండ సగం దాకా వచ్చేసింది. మూసి ఉన్న టేకు తలుపు ముందు చిన్న స్టూలు. దాని మీద చల్లారిపోయిన ఇడ్లీలు, దూది, స్పిరిట్ సీసా, సిరంజి. తలుపు అవతల ఆమె భర్త, దర్శకుడు ఆదినారాయణ.

నిన్న సాయంత్రం డబ్బింగ్ థియేటర్ నుంచి వచ్చి గడియ పెట్టుకున్న మనిషి మళ్ళీ తియ్యలేదు. అన్నం ముట్టలేదు. రాత్రి పడాల్సిన ఇన్సులిన్ పడలేదు. పొద్దుటిదీ పడలేదు.

"ఏవండీ... నాకోసం కాకపోయినా, ఒక్క ఇడ్లీ తిని సూది వేయించుకోండి. తర్వాత మళ్ళీ గడియ పెట్టుకోండి. నేను అడగను."

లోపల పడకకుర్చీ కిర్రుమంది.

"డాక్టరు గారేమన్నారు?" గొంతు తగ్గించి అడిగాడు చంద్రం.

"సాయంత్రంలోపు సూది పడకపోతే ఎత్తుకునైనా ఆసుపత్రికి తెమ్మన్నారు. స్పృహ తప్పితే తన చేతుల్లో ఉండదన్నారు. ఇంకా ఏమైనా వినాలా నీకు?"

చంద్రం తల దించుకున్నాడు.

నిన్న జరిగింది పొద్దున్నకల్లా ఫిల్మ్ నగర్ అంతా తెలిసిపోయింది. ఆదినారాయణ తీసిన సినిమాలో తండ్రి వేషం వేసిన నటుడికి గొంతు ఆపరేషన్ అయింది. ఆ పాత్రకి ఆదినారాయణే గొంతు ఇస్తానన్నాడు. అద్దం అవతల, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, పతాక సన్నివేశంలోని పొడుగాటి మాటలు చెబుతున్నాడు. అద్దం ఇవతల, మిషన్ దగ్గర, సౌండ్ ఇంజినీరు పక్కన చంద్రం. లోపలి మనిషితో మాట్లాడటానికి నొక్కే టాక్‌బ్యాక్ స్విచ్ పైకి లేవలేదు. ఎవరూ చూసుకోలేదు.

"ఈ ఉపన్యాసానికి జనం కుర్చీలు విరగ్గొడతారు గురూ. ముసలాయన పని అయిపోయింది. ఆయనకి చెప్పే మొనగాడే లేడు," అన్నాడు చంద్రం.

ఇంజినీరు నవ్వాడు. చంద్రం కూడా నవ్వాడు. నవ్వుతూనే అద్దంలోకి చూశాడు.

తండ్రి హెడ్‌ఫోన్ తీసి, తీగ చుట్టి, జాగ్రత్తగా స్టాండుకి తగిలిస్తున్నాడు.

"తప్పే అమ్మా. వెయ్యిసార్లు తప్పు. కానీ నేనన్నది అబద్ధం కాదు," అన్నాడు చంద్రం ఇప్పుడు.

"అబద్ధమని నేనన్నానా?" శారదాదేవి గిరుక్కున తిరిగింది. "ఆ సీను కాగితం మీద ఉన్నప్పుడు చదివావు. షూటింగులో పక్కనే నిలబడ్డావు. ఎడిటింగ్ గదిలో ఎన్నిసార్లు చూశావో నీకే తెలియదు. అప్పుడంతా నీ నోరు పడిపోయిందా? పరాయివాడి పక్కన కూర్చోగానే లేచిందా?"

కింద కారు ఆగిన చప్పుడైంది.

* * *

నిర్మాత బసవపున్నయ్య మెట్లెక్కేసరికి ఆయాసపడుతున్నాడు. ఆదినారాయణతో కలిసి తెనాలిలో నాటకాలు ఆడినవాడు. మద్రాసులో ఒకే గదిలో ఉన్నవాడు. పరిశ్రమ హైదరాబాదుకి తరలినప్పుడు ఆదినారాయణ శ్రీనగర్ కాలనీలో ఇల్లు కొంటే బసవపున్నయ్య జూబ్లీ హిల్స్‌లో కట్టుకున్నాడు. ఇప్పుడీ సినిమా బసవపున్నయ్యదే.

"నువ్వు పక్కకి తప్పుకో చెల్లెమ్మా. వాడి సంగతి నాకు తెలుసు," అని తలుపు దగ్గరికి వంగాడు. "ఏమయ్యా ఆదినారాయణా! కుర్రకుంకల మాటలకి అలిగి కూర్చుంటావా? సినిమా చూసిన ప్రతివాడూ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాడు."

లోపలినుంచి గొంతు వచ్చింది. పొడిబారిపోయిన గొంతు.

"నువ్వు చూశావా?"

"చూడకేం? మొన్న ఎడిటింగ్ గదిలో నీ పక్కనేగా కూర్చున్నది!"

"చివరి సీను ఎలా ఉంది?"

"దుఃఖం ఆగలేదయ్యా. తండ్రి వానలో బస్టాండుకి రావటం, చేతిలో ఆ గొడుగు... అబ్బ!"

"ఆ గొడుగుతో ఏం చేశాడు?"

బసవపున్నయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. "ఏం చేస్తాడు? తెరిచి కూతురి తల మీద పట్టాడు! అక్కడే కదా నేను ఏడ్చేసింది."

చంద్రం కళ్ళు మూసుకున్నాడు.

తలుపు అవతల ఫ్యాను చప్పుడు.

"బసవపున్నయ్యా," అంది గొంతు. "ఆ గొడుగు సినిమాలో ఎక్కడా తెరుచుకోదు."

"అంటే... నేను మధ్యలో ఫోన్ వస్తే..."

"ఇంటికెళ్ళు."

"అది కాదయ్యా..."

"వెళ్ళిపో. నా సినిమా మీరెవరూ చూడలేదు. చూసినవాడు ఒక్కడే. వాడు నాకు చెప్పలేదు, మిషనుకి చెప్పాడు."

శారదాదేవి గోడకి చేరగిలబడింది. ఏడుపు బయటికి రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బసవపున్నయ్య చంద్రం భుజం పట్టుకుని మెట్ల దాకా లాక్కెళ్ళాడు.

"నువ్వెళ్ళి ఆ తలుపుకి సాష్టాంగపడు. 'మీరు దేవుడు, సీను బ్రహ్మాండం, ఆ మాట నేను వేరే సినిమా గురించి అన్నాను' అని చెప్పు. అయిపోతుంది."

"నమ్ముతారా బాబాయ్?"

"నమ్మనక్కర్లేదురా, వింటే చాలు! ప్రివ్యూ అవగానే చెయ్యి కలిపి బ్రహ్మాండం అంటాం. అసలు మాట కారు తలుపు దగ్గర అనుకుంటాం, ఆ మనిషి వెళ్ళిపోయాక. మొదట్నించీ ఇదే మర్యాద. అందుకే మర్నాడు ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోగలుగుతున్నాం."

"నేను డైరెక్ట్ చెయ్యాల్సిన సినిమా మీరు ఆపేసినప్పుడు కూడా అదే మర్యాదా? హీరో డేట్లు కుదరలేదన్నారు. హీరో మొన్న కనిపించి, ఎందుకు ఆగిందని నన్నే అడిగాడు."

బసవపున్నయ్య చూపు పక్కకి తప్పించాడు.

"ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉంటే ఇప్పుడా ఆ గొడవ?" అని గబగబా దిగిపోయాడు. వెళ్ళిపోలేదు. హాల్లో సోఫాలో కూలబడి డ్రైవరుని మంచినీళ్ళు తెమ్మని కేకేశాడు.

* * *

వంటింట్లో హైమ ఉప్పు వేసి మజ్జిగ కలుపుతోంది. స్కూలుకి సెలవు పెట్టింది. వెంగళరావు నగర్‌లో తెలుగు టీచరు. వాళ్ళది సిద్దిపేట. చంద్రాన్ని ఇష్టపడి చేసుకుంది. ఈ ఇంట్లో మొదట్లో ఆమె భాషకి నవ్వనివాడు మామగారొక్కడే.

"బసవపున్నయ్య సార్ ఏమంటుండు?" అంది తిరక్కుండానే.

"కాళ్ళ మీద పడి అబద్ధం చెప్పమంటున్నాడు."

"చెప్తవా?"

"ఇంకేం చెయ్యమంటావు? నిజం చెబితే ఆ గదిలోనే చచ్చిపోతారు. అబద్ధం చెబితే కనిపెట్టేస్తారు. గొడుగు సంగతిలో బాబాయ్‌ని ఇందాకే పట్టేశారు!"

హైమ గ్లాసు కింద పెట్టింది.

"జర ఆగు. నిజం అంటున్నవు కదా, ఆ నిజం ఏంది? నాకు చెప్పు."

"సీను బాగాలేదు."

"ఏడ బాగలేదు?"

"మొత్తం! బోరు. పాతకాలం..."

"గిదా నీ నిజం?" ఆమె గొంతు పెరిగింది. "గిది తిట్టు. నా క్లాసుల పిల్ల వ్యాసం రాసి తెస్తది. 'బాగలేదు' అని ఎర్ర సిరాతోటి అడ్డంగ కొట్టి ఇచ్చిననుకో, ఆ పిల్ల మళ్ళ కలం పట్టదు. నాకేం వచ్చె? నేను టీచర్ననిపించుకున్న, అంతే. నువ్వు కూడ అంతే చేసినవ్. ఆయన రేపు పొద్దుగాల లేచి ఆ సీనును ఏం చెయ్యాలె? గది చెప్పినవా?"

"హైమా, ఇప్పుడు పాఠాలు చెప్పకు."

"చెప్త. నీకు కోపం బసవపున్నయ్య సార్ మీద. నీ సినిమా పోయిందని కోపం. ఆ కోపం తీసి మామయ్య నెత్తిన పెట్టినవ్. అవునా, కాదా?"

గ్యాసు పొయ్యి మీద పాలు పొంగుతుంటే హైమ మంట ఆర్పింది.

"నువ్వు ఆయన మీద నవ్వకుంట ఆ సీనును ఒక్కపారి కూడ చూడలేదు," అంది ఈసారి మెల్లగా. "ఇప్పుడు చూడు. కండ్లు మూసుకో. వాన పడుతుంది, ఆ తండ్రి వస్తుండు. నీకు ఏడ దాక బాగుంది? ఏడ తెగింది?"

చంద్రం గట్టు మీద చేతులు ఆన్చి నిలబడ్డాడు. వాన. బస్టాండు రేకులు. రిక్షా దిగిన ముసలాయన. అలిగి ఇల్లు వదిలి వచ్చేసిన కూతురు బెంచీ మీద పెట్టెతో...

కళ్ళు తెరిచాడు.

"ఇక్కడే," అన్నాడు. గొంతు మారిపోయింది. "హైమా, ఇక్కడే!"

* * *

తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు చంద్రం. తల్లి ఒక పక్క, హైమ మెట్ల మీద.

"నాన్నగారూ."

చంద్రం తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"నిన్న నేను..."

"క్షమాపణ చెప్పటానికొస్తే వెళ్ళు." గొంతు ఇందాకటికన్నా బలహీనంగా ఉంది. మాట మాటకీ మధ్య గుటక. "నాకు క్షమాపణలతో పని లేదు."

"సీను గురించి మాట్లాడటానికొచ్చాను."

పడకకుర్చీ కిర్రుమనలేదు. వింటున్నాడో లేదో తెలియలేదు. చంద్రం తలుపుకే చెప్పటం మొదలుపెట్టాడు.

"ఆ తండ్రి వానలో తడిసి ముద్దై వస్తాడు. చేతిలో గొడుగు. మూసే ఉంది. దారంతా ఆయన తెరవలేదు. కూతురికోసం పొడిగా తెచ్చాడు. కూతురు మొదట ఆయన మొహం చూడదు, ఆ గొడుగు చూస్తుంది. అంత బాగా నేను..."

"చాలు." లోపల చిన్న నవ్వు. నవ్వు కాదు, ఊపిరి. "ముందు ఒక మంచి ముక్క నోట్లో పెట్టి, తర్వాత చేదు మింగించటం. కొత్త నటులకి నేనూ అలాగే చెప్పేవాణ్ణి. నా విద్య నామీదే ప్రయోగిస్తావురా?"

"కాదు. ఆ గొడుగు సంగతి చెప్పకపోతే మిగతాది చెప్పలేను. గొడుగు అంత బాగుంది కాబట్టే మాటలు అక్కర్లేదంటున్నాను."

పడకకుర్చీ కిర్రుమంది.

"ఏ మాటలు?"

"అన్నీ."

శారదాదేవి ఉలిక్కిపడి కొడుకు భుజం నొక్కింది. అతను ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆపలేదు.

"ఆ అమ్మాయి గొడుగు చూసిన క్షణంలో తండ్రి ఎంత ప్రేమించాడో మాకు తెలిసిపోతుంది నాన్నగారూ. తర్వాత ఆయన నోరు తెరిచి అదే చెబుతాడు. నిన్ను భుజాలమీద మోశానంటాడు, జ్వరమొస్తే నిద్రపోలేదంటాడు. ఒక్కో మాటకీ ఆ గొడుగు బరువు తగ్గిపోతుంది. చివరికి అది ఆయన చేతిలో ఉందని మేమే మర్చిపోతాం. నిన్న నాకు నవ్వొచ్చింది ఆ మాటలు విని. దానికి ముందు ఏడుపొచ్చిందని నేను ఇంజినీరుకి చెప్పలేదు."

హైమ సగం లేచి మళ్ళీ కూర్చుంది. శారదాదేవి తలుపు పైనున్న వెంటిలేటరు వంక చూస్తోంది.

"మాటలు తీసేస్తే ఆయనేం చేస్తాడు?" అంది లోపలి గొంతు.

"పెట్టె అందుకుంటాడు. ఆ అమ్మాయి గొడుగు అందుకుంటుంది. తనూ తెరవదు. ఇద్దరూ తడుస్తూ నడుస్తారు. ఆ షాటు మీరు తీసే ఉంచారు. మాటల మీద వెయ్యటానికి స్థలం లేక పక్కన పెట్టారు."

"డబ్బింగ్?"

"అక్కర్లేదు. వాన చప్పుడు చాలు."

"అయితే నా గొంతు కూడా అక్కర్లేదన్నమాట."

ఎంత జాగ్రత్తగా నడిచినా చివరికి అక్కడే అడుగు పడింది.

"ఈ సీనులో అక్కర్లేదు," అన్నాడు. అబద్ధం చెప్పలేక, నిజం మింగలేక. "మిగతా సినిమా అంతా మీ గొంతు ఉంది. కెమెరా ఎక్కడ నిలబడిందో అక్కడల్లా మీరే ఉన్నారు."

"ఇది కాగితం మీద ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయం."

"కొడతాననా?"

"బాధపడతారని."

"ఇప్పుడు పడలేదా?"

ఎండ వరండా దాటి గుమ్మం మీదికి వచ్చింది. శారదాదేవి మెల్లగా అంది: "వాడు చెప్పింది విన్నారుగా. ఇక తియ్యండి. నా చేతులు వణుకుతున్నాయండీ, ఇంకాసేపైతే సూది గుచ్చటం కూడా నావల్ల కాదు."

గడియ కదిలింది.

* * *

తలుపు తెరుచుకుంటే ఎదురుగా నిలబడ్డ మనిషి ఒక్కరోజులో పదేళ్ళు ముసలివాడైనట్టున్నాడు. పెదవులు ఎండి పగిలాయి. గోడ పట్టుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వు చెప్పిందే సరైంది. మాటలు తీసెయ్," అన్నాడు ఆదినారాయణ. "రాసేటప్పుడే నాకు లోపల ఎక్కడో తెలుసు. ఎవరైనా చెబుతారేమోనని చూశాను. అందరూ బ్రహ్మాండం అన్నారు."

శారదాదేవి అప్పటికే సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది. కన్నీళ్ళు తుడుచుకోవటానికి కూడా ఆగలేదు. హైమ ఇడ్లీ పళ్ళెం తీసుకుని వేడివి తేవటానికి కదిలింది.

"ఉండమ్మా. నువ్వూ విను," అన్నాడు ఆదినారాయణ.

చొక్కా చెయ్యి పైకి మడిచినవాడు మళ్ళీ కిందికి దించేశాడు.

"ఏవండీ!"

"ఒక్క నిమిషం శారదా." కొడుకు వైపు తిరిగాడు. "పోయిన నెల నువ్వు ట్రయల్‌కని మూడు సీన్లు తీసి నాకు చూపించావు. నేనేమన్నాను?"

"బాగున్నాయన్నారు."

"భుజం కూడా తట్టాను. నువ్వు గంతులేసుకుంటూ వెళ్ళిపోయావు. తర్వాత నేను బసవపున్నయ్యని కారు దాకా సాగనంపాను." గుటక వేశాడు. "కారు తలుపు పట్టుకుని చెప్పాను. వీడికి ఇప్పుడే వద్దు, వీడు ఇంకా తయారు కాలేదు, ఏదో ఒక సాకు చెప్పి ఆపెయ్ అని."

ఆదినారాయణ కొడుకు మొహంలోకి సూటిగా చూశాడు.

"డేట్లు కుదరక కాదురా నీ సినిమా ఆగింది. ఆపింది నేను."

"మీరా?" అంది శారదాదేవి. సిరంజి పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది.

చంద్రం మొహంలో రంగు లేదు. "ఏడాది తిరిగాను నాన్నగారూ ఆ కథ పట్టుకుని. ఆగిపోయినరోజు మీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడిస్తే... మీరు నా తల నిమిరారు."

"నిమిరాను."

"అప్పుడు కూడా చెప్పలేదు!"

"చెప్పలేదు. నువ్వు బాధపడతావని." ఆదినారాయణ ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. చెయ్యి నిలకడగా లేదు. "ఆ సీన్లు నేను చూశాను. నిజంగా చూశాను, ప్రతి షాటూ గుర్తుంది. ఏం బాగుందో తెలుసు, ఏం పోయిందో తెలుసు. నువ్వు నాకు చెప్పినట్టే నీకు చెబుతాను. కూర్చో."

"ముందు సూది!" శారదాదేవి అరిచింది. "తండ్రీకొడుకులు తర్వాత చంపుకోండి. ముందు ఆ చెయ్యి ఇలా ఇవ్వండి!"

"వాడు కూర్చుంటే ఇస్తాను."

"ఇదేం బెదిరింపండీ?"

"బెదిరింపు కాదు శారదా. ఇప్పుడు లేచి వెళ్ళాడంటే ఇక జన్మలో వినడు. నేనూ చెప్పలేను."

చంద్రం వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటాడు. మెట్ల దగ్గర నిలబడ్డ హైమ అతనికి అడ్డం రాలేదు, దారీ ఇవ్వలేదు. కింద హాల్లో బసవపున్నయ్య ఫోన్లో ఎవరితోనో, "అంతా సర్దుకుందండీ, తలుపు తీశాడు" అని గట్టిగా చెబుతున్నాడు.

రెండు మెట్లు దిగి చంద్రం ఆగాడు. వెనక్కి చూడలేదు.

"మూడు సీన్లలో బాగాలేనిది ఏది?"

మెట్ల మీదికి శారదాదేవి వెక్కిళ్ళు వినిపిస్తున్నాయి.

"మూడూ," అన్నాడు ఆదినారాయణ.

చంద్రం చెయ్యి రెయిలింగు మీద బిగుసుకుంది. ఇంకో మెట్టు దిగాలో, పైకి ఎక్కాలో తేల్చుకోలేని ఆ ఒక్క క్షణంలో, పైన కుర్చీ పక్కకి ఒరిగిన చప్పుడైంది.

"మామయ్యా!" అని హైమ కేక పెట్టింది.